ఇంజను నేర్చిన చెయ్యి

మంగతాయారు కుడిచేతికి ఆ తొడుగు మొదటిసారి వేసిన రోజున ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. మోచేయి పైదాకా బిగుతుగా పట్టిన ఆ పల్చటి నల్లటి గుడ్డ లోపల ఎవరో కోడి ఈకతో గీస్తున్నట్టుంది. షెడ్డు మధ్యలో ఇనుప దిమ్మకు బిగించిన వరికోత మిషను ఇంజను దడదడమని తిరుగుతోంది. దాని ఒంటినిండా రూపాయి బిళ్లంత బొత్తాలు అతికించి ఉన్నాయి. ఇంజను అదురు, వేడి, నూనె ఒత్తిడి అన్నీ ఆ బొత్తాలు పట్టుకుని తొడుగుకు పంపుతాయి. తొడుగు వాటిని చర్మానికి అందిస్తుంది.

"ఏమన్నా తెలుస్తోందా తాయారూ?" అని అడిగింది డాక్టర్ హైమవతి.

"చక్కిలిగిలి తెలుస్తోందండి మేడం. ఇంకేం తెలవట్లేదు."

"అలాగే ఉంచుకో. పసిపిల్లకి మాటలొచ్చినట్టు నీ చేతికి కూడా మెల్లగా వస్తాయి."

తాడేపల్లిగూడెం శివార్లలో, కాలవగట్టు పక్కనున్న వ్యవసాయ యంత్రాల పరిశోధన కేంద్రం అది. హైమవతి అక్కడ శాస్త్రవేత్త. తాయారు డీజిల్ మెకానిక్ చదువుకుని అక్కడే టెక్నీషియనుగా చేస్తోంది. కోతల కాలంలో మిషన్లు చేలో ఉండగా మొరాయించడం, వాన ముంచుకొస్తోందన్న కంగారులో డ్రైవర్లు వేడి ఇంజను మీదే చేతులు పెట్టడం, తిరిగే బెల్టుల్లో వేళ్లు పోగొట్టుకోవడం ఇద్దరూ ఏళ్ల తరబడి చూసినవాళ్లే. ఇంజను చెడిపోకముందే దాని నలత ఎవరికైనా తెలిస్తే, దాన్ని చల్లబడనిచ్చి, తాళం తీసి జేబులో వేసుకుని నిమ్మళంగా బాగుచేసుకోవచ్చు. ఎవరి వేళ్లూ పోవు. హైమవతి ఆశ అదే. మీటర్లు, ఎర్రదీపాలు చాలా పెట్టి చూసింది. పనిలో పడ్డవాళ్లు దీపాన్ని చూడరు. ఒంట్లో నొప్పి పుడితే మాత్రం ఎవరైనా ఆగుతారు కదా అన్న ఆలోచన ఒకరోజు ఆమెకు తట్టింది.

తాయారు రోజంతా తొడుగు వేసుకునే తిరిగేది. పొద్దున్నే ఎయిర్ ఫిల్టరు విప్పి దుమ్ము దులిపేటప్పుడూ, రేడియేటరు రేకుల్లో ఇరుక్కున్న గడ్డిపోచలు లాగేటప్పుడూ, పుల్లతో ఆయిలు మట్టం చూసేటప్పుడూ అది చేతికే ఉండేది. కొన్నాళ్లకు చక్కిలిగిలి పోయింది. దాని స్థానంలో ఏదో గుసగుస లాంటిది మొదలైంది. ఒకరోజు టిఫిను డబ్బా విప్పబోతూ ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది. అరచేతిలో మంచుముక్క పెట్టినట్టు చల్లగా జివ్వుమంది.

"మేడం, దీని డీజిల్లో నీళ్లు కలిశాయండి."

"ఇంజను బాగానే తిరుగుతోందిగా?"

"తిరుగుతోందండి. కానీ నీళ్లున్నాయి."

ఇంజను ఆపి, చల్లబడ్డాక, డీజిల్ ఫిల్టరు అడుగునున్న మరను వదులు చేశారు. గాజు గ్లాసులోకి ముందుగా జారింది నీరే. ఆ పైన డీజిల్ తేలింది. ఇద్దరూ ఆ గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశారు. హైమవతి తాయారు భుజం మీద తల ఆనించింది.

ఆ తరవాత చెయ్యి చకచకా నేర్చేసుకుంది. ఎయిర్ ఫిల్టరు పూడుకుపోతే వేళ్లు బిగుసుకునేవి. బేరింగు అరిగిపోతుంటే మణికట్టులో సలుపు. రేడియేటరులో నీళ్లు తగ్గితే మోచేతి దగ్గర సెగ. దిమ్మ పక్కనే బిగించిన కోత బల్లను నూనె ఒత్తిడితో పైకెత్తి ఉంచినప్పుడు ఆ బరువంతా భుజంలో ఆనేది, నెత్తిన బిందె పెట్టుకున్నట్టుగా. బెల్టు ఎప్పుడు తెగబోతోందో ఆమె ఒకరోజు ముందే చెప్పేసేది.

వానాకాలపు పంట సార్వా కోతలు మొదలయ్యేసరికి బొత్తాలను చేలో నడిచే మిషనుకు అతికించి చూద్దామనుకున్నారు. తాయారు భర్త సూరిబాబు ఉప్పలమెరక రైతుల సంఘం మిషనుకు డ్రైవరు. ఆ మిషన్నే ఎంచుకున్నారు. తాయారు గట్టు మీద కూచుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, చేలో తిరిగే మిషను నలత చెబుతుండేది. సూరిబాబు మొదట ఎగతాళి చేశాడు.

"నాకు కాలు నొప్పెడితే పట్టించుకోవు గానీ, దీనికి మోకాలు నొప్పని చెప్తావేంటే!"

కానీ కోతల ఆ మొదటి వారాల్లో అతని మిషను ఒక్కసారి కూడా చేలో నిలబడిపోలేదు. చుట్టుపక్కల మిషన్లు ఆగి ఉంటే, వాటి చేలు కూడా ఇతనే కోసి పెట్టాడు. రైతులు తాయారును చూసి చేతులెత్తి దండం పెట్టేవాళ్లు. ఆమె సిగ్గుపడి కొంగు సర్దుకునేది. ఇంటికొచ్చి కూతురు ధరణితో ఆ ముచ్చట్లన్నీ చెప్పుకుని మురిసిపోయేది.

ఒక ఆదివారం పొద్దున తాయారు తొడుగు తీసి పక్కన పెట్టి, వంటింట్లో దోసెలు పోస్తోంది. వెనకాల నుంచి ధరణి కెవ్వుమని అరిచింది.

"అమ్మా! చెయ్యి! చెయ్యి తియ్యమ్మా!"

తాయారు ఏమిటన్నట్టు వెనక్కి తిరిగింది. ఆమె కుడి అరచెయ్యి పెనం మీద ఆనించి ఉంది. కాలిన వాసన దోసెది అనుకుంది ఇంతసేపూ. చెయ్యి తీసి చూసుకుంది. చర్మం పొంగి తెల్లబారిపోయింది. నొప్పి లేదు. ఎవరిదో చెయ్యిని తన ఒంటికి తగిలించినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నొప్పి లేకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ధరణి ఆ చేతిని పంపుకింద పట్టి ఏడుస్తూనే ఉంది.

కబురు తెలిసిన గంటలోనే హైమవతి వచ్చేసింది. తాయారును కళ్లు మూసుకోమని చెప్పి, సూదితో గుచ్చింది, మంచుముక్క పెట్టింది, దూదితో రాసింది. ఒక్కటీ ఆమెకు తెలియలేదు. హైమవతి సూదిని పక్కన పెట్టి, నేల మీదే చతికిలబడింది.

"మెదడుకి చెయ్యి నుంచి వెళ్లే దారి ఒకటే తాయారూ. ఆ దారి నిండా ఇంజను కబుర్లే పోశాం. నీ చేతి కబుర్లకి చోటు లేకుండా పోయింది. నాకు ముందే తట్టాల్సింది."

"ఇద్దరం కలిసే చేశాం కదండీ మేడం."

"మళ్లీ దాన్ని తొడగడానికి వీల్లేదు. ఇక ముట్టుకోవద్దు."

తొడుగు ప్రయోగశాల బీరువాలోకి వెళ్లిపోయింది. కాకినాడ నరాల వైద్యుడు పరీక్షలు చేసి, తొడుగు జోలికి పోకుండా ఉంటే స్పర్శ మెల్లగా రావచ్చని చెప్పాడు. ఇంట్లో అందరూ ఆ చెయ్యికి కాపలా కాశారు. సూరిబాబు దోసెలు పోయడం నేర్చుకున్నాడు. ఒక్కటీ గుండ్రంగా వచ్చేది కాదు. ధరణి ఒక్కోదానికి ఒక్కో దేశం పేరు పెట్టి తినేది. తాయారు నవ్వుతుంటే తండ్రీ కూతుళ్ల మొహాలు వెలిగిపోయేవి.

కొన్ని వారాలు గడిచాక ఒక సాయంత్రం ధరణికి జడ వేస్తుండగా తాయారు వేళ్లు చప్పున ఆగాయి. చూపుడువేలి కొసకు ఒక వెంట్రుక తగిలింది. తగిలినట్టు తెలిసింది. ఆమె ఆ వెంట్రుకను మళ్లీ వేలితో తాకింది. మళ్లీ తెలిసింది.

"ఏంటమ్మా ఆపేశావ్?"

"ఏం లేదే. కదలకు. ఇంకాసేపు కదలకు."

అలా స్పర్శ తిరిగి మొలక వేస్తున్న రోజుల్లోనే తుఫాను కబురు వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోందని, నరసాపురం దగ్గర తీరం దాటుతుందని రేడియోలోనూ ఫోన్లలోనూ ఒకటే హెచ్చరికలు. పండిన వరి ఇంకా సగం ఊరిది చేలోనే ఉంది. నీళ్లు నిలిస్తే ఆ గింజలు అక్కడే మొలకెత్తిపోతాయి. సూరిబాబు మిషను దిగడం మానేశాడు. ఆయిలు మార్చలేదు, ఫిల్టరు దులపలేదు, రోజూ పెట్టాల్సిన గ్రీజు పెట్టలేదు. అడిగితే ఒకటే మాట.

"తుఫాను దాటాక దానికి తలంటు పోత్తాను గదా. ఇప్పుడాపితే రైతుల నోట్లో మట్టే."

తాయారు మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకు వెళ్లి, బీరువా ముందు నిలబడింది.

"ఇయ్యండి మేడం. తుఫాను దాటేదాకానే."

"నీకు మతి పోయిందా? వేలికొసలకి ఇప్పుడిప్పుడే ప్రాణం వస్తోంది. ఇంకోసారి వేసుకుంటే ఆ కాస్తా పోతుంది. మళ్లీ రాకపోవచ్చు కూడా."

"ఆ మిషను అదురు మామూలుగా లేదండి. చెవులతోనే తెలుస్తోంది. ఎక్కడో ఏదో విచ్చుకుపోతోంది. ఏదన్నది తెలవట్లేదు. అది తెలిస్తే ఆయన్ని ఆపగలను. ఊరికే ఆపమంటే ఆగడు."

హైమవతి బీరువా తాళం తీసింది. కానీ తొడుగును తాయారుకివ్వలేదు. తన చేతికే తొడుక్కుని కాసేపు కళ్లు మూసుకుంది. దిమ్మమీది ఇంజనును తాయారు నడిపి చూపించింది. హైమవతి మొహంలో ఆశ కాసేపు ఆడి, ఆరిపోయింది.

"చీమలు పాకినట్టుంది. అంతే. నాకేం చెప్పట్లేదది."

ఆమె తొడుగు తీసి చేతుల్లో నలిపింది. చివరకు తాయారు కళ్లలోకి చూసి అంది. "నేనూ వస్తాను. నీ పక్కనే ఉంటాను. లోపం ఏమిటో తెలియగానే తీసేయాలి. ఒప్పుకుంటేనే ఇస్తాను."

"ఒప్పుకున్నానండి."

ఇద్దరూ ఉప్పలమెరక చేరేసరికి ఆకాశం బూడిదరంగులోకి తిరిగింది. తూర్పు గాలికి వరి అంతా ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. సూరిబాబు మిషను నడుపుతున్నాడు. సాయంగా ఉండే నూకరాజు వెనకాల నిలబడి గడ్డి సర్దుతున్నాడు. గట్టు మీద నిలబడి తాయారు తొడుగు వేసుకుంది. మొదట మణికట్టులో సలుపు వచ్చింది. గ్రీజు లేని బేరింగు. వేళ్లు బిగిశాయి. పూడిపోయిన ఫిల్టరు. అవి తెలిసినవే. వాటి కింద ఇంకేదో ఉంది. భుజంలో, ఉండీ లేనట్టుగా, ఒక జారుడు.

ఇంతలో పడిపోయిన వరి మిషను నోట్లో చుట్టుకుని బిగుసుకుపోయింది. సూరిబాబు ముందరి కోత బల్లను పైకెత్తి, ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. అంతవరకు భార్య నేర్పినట్టే చేశాడు. కానీ ఎత్తిన బల్ల కిందికి దిగకుండా, దాన్ని మోసే నూనె జాకుకు ఇనుప అడ్డు పెట్టాలి. ఆ అడ్డు సీటు వెనకాల ఉంది. దాన్ని తీసి బిగించడానికి పట్టేది కాసేపే. ఆ కాసేపు కూడా అతనికి తుఫాను ఇచ్చేలా కనపడలేదు. వంగి, బల్ల కిందకి దూరి, చుట్టుకున్న గడ్డిని లాగడం మొదలెట్టాడు.

"ఏమండీ, అడ్డు పెట్టారా?" అని గట్టు మీద నుంచే అరిచింది తాయారు.

"ఒక్క నిమిషం పనే! అయిపోద్ది!"

ఇంజను ఆగింది కాబట్టి తాయారు చేతిలో సలుపులన్నీ సద్దుమణిగాయి. ఒక్క భుజం మాత్రం సద్దుమణగలేదు. నెత్తిమీది బిందె మెల్లగా వెనక్కి జారుతున్నట్టు, పట్టుకున్న చుట్టకుదురు తడిసి వదులైపోతున్నట్టు ఉంది. ఇంజను ఆగాక కూడా బరువు మోస్తున్నదేమిటి? బల్లను ఎత్తి పట్టుకున్న నూనె ఒక్కటే. ఆ నూనె పైపు లోలోపల విచ్చుకుపోతోంది.

ఆమె పరుగెత్తింది. చెప్పులు బురదలో ఉండిపోయాయి. "బయటికి రండి! బయటికి! పైపు పోతోంది!" అని అరుస్తూనే వెళ్లి సూరిబాబు కాలు పట్టుకుంది. అతను ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. వెనకాలే వచ్చిన హైమవతి రెండో కాలు పట్టుకుంది. నూకరాజు అవతలి నుంచి దూకి వచ్చి నడుం పట్టాడు. ముగ్గురూ కలిసి ఒక్క లాగు లాగితే సూరిబాబు బురదలో వెల్లకిలా జారి బయటికి వచ్చాడు. అతని తల బయటపడిందో లేదో, ఫట్టుమని పైపు పగిలింది. బల్ల అంతెత్తు నుంచి నేలకు కొట్టుకుంది. దాని కత్తులు అతను ఇప్పటిదాకా పడుకున్న చోట మట్టిలో దిగబడ్డాయి. తెగిన పైపు లోంచి నూనె చిమ్మింది.

"దగ్గరికెళ్లకండి! చెయ్యి పెట్టకండెవరూ!" అంది హైమవతి రొప్పుతూ.

సూరిబాబు బురదలో కూచుని ఆ కత్తుల వంక చూస్తూ తన మెడను రెండు చేతులతో తడుముకున్నాడు. నూకరాజు "అమ్మోరు తల్లీ, అమ్మోరు తల్లీ" అని గొణుగుతున్నాడు. హైమవతి తాయారు చేతి నుంచి తొడుగును లాగేసి గుండెకు హత్తుకుంది.

సూరిబాబు భార్య దగ్గరకు పాక్కుంటూ వచ్చాడు. ఆమె కుడిచేతిని తీసుకుని గట్టిగా పిసికాడు.

"తెలుత్తోందా? తాయారూ, నేను పట్టుకున్నట్టు తెలుత్తోందా?"

ఆమె ఆ చేతి వంక చూసింది. అతని వేళ్లు తన వేళ్ల మధ్య కనపడుతున్నాయి. ఆమె మెల్లగా తల అడ్డంగా ఊపింది, తెలియడం లేదని. సూరిబాబు ఆ చేతిమీద తల పెట్టుకుని బావురుమన్నాడు. తాయారు ఎడమచేత్తో అతని జుట్టులోంచి బురద తీసేసింది.

"ఏడవకండి. మీరున్నారు. నాకది చాలు."

కొత్త పైపు బిగించడానికి కేంద్రం నుంచి మనుషులు వచ్చారు. వాళ్లు పడిన బల్లను గొలుసుతో పైకి లేపగానే సూరిబాబు ముందు అడ్డు పెట్టాడు, పెట్టాక చేత్తో కుదిపి చూశాడు, ఆ తరవాతే వాళ్లను దగ్గరికి రానిచ్చాడు. ఫిల్టరు దులిపి, గ్రీజు పెట్టి, ఆయిలు చూశాక మిషను మళ్లీ కదిలింది. తుఫాను మొదటి జల్లు పడేలోపు మిగిలిన చేలలో చాలామటుకు కోతైపోయింది. కొంత నీటిపాలైంది. దాని గురించి ఆ ఊళ్లో ఒక్కరూ సూరిబాబును పల్లెత్తు మాటనలేదు. చేను మునిగిన రైతు కూడా వాళ్లింటికొచ్చి, అరుగు మీద కూచుని, "నువ్వు బతికావు, అదే పంట" అని వెళ్లాడు.

తాయారు కుడిచేతికి స్పర్శ ఇక రాలేదు. కాకినాడ వైద్యుడు ఆ మాట చెప్పడానికి ఇబ్బందిపడుతుంటే, ఆమే ఆయనకు ధైర్యం చెప్పి వచ్చింది. స్నానానికి నీళ్లు ఎడమచేత్తో చూసుకోవడం అలవాటు చేసుకుంది. పనిలో ఆ చేతికి మందపాటి తోలు తొడుగు వేసుకునేది. మొదట్లో చీకాకుపడి ఒకటి రెండుసార్లు గిన్నెలు విసిరికొట్టింది. ధరణి పక్కింటికి వెళ్లినప్పుడు, తిరిగొచ్చేదాకా కూచుని ఏడ్చింది కూడా. ఆ రోజులు కూడా గడిచాయి.

హైమవతి ఆ తొడుగును ఇంకెవరి చేతికీ వేయలేదు. ఆ రోజు చేలో తాయారు భుజం చెప్పిన కబురు, అంతకుముందు ఆ చెయ్యి నేర్చినవన్నీ తొడుగు నుంచి కేంద్రం కంప్యూటర్లకు చేరి నిక్షిప్తమై ఉన్నాయి. వాటిని వడగట్టి, టిఫిను డబ్బా అంత పెట్టె ఒకటి తయారుచేసింది. తాయారు దగ్గర కూచుని, ఆమె ఒక్కో నొప్పినీ గుర్తు చేసుకుని చెబుతుంటే పెట్టెకు నేర్పింది. బల్ల ఎత్తి ఉండి అడ్డు లేకపోతే ఆ పెట్టె చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. అడ్డు పెట్టేదాకా ఆగదు. మనిషి చర్మంతో దానికి పనిలేదు. పెట్టెకు ఏదో పేరు పెట్టాలని పైవాళ్లు అడిగితే హైమవతి "తాయారు" అని రాసిచ్చింది. దాన్ని మిషన్లకు బిగించుకున్న డ్రైవర్లు "తాయారమ్మ పెట్టె" అన్నారు.

మరుసటి ఏడు సార్వా కోతలకు ముందు కేంద్రం ఆవరణలో సర్వీసు శిబిరం పెట్టారు. భీమవరం వైపు నుంచీ ఆకివీడు వైపు నుంచీ మిషన్లు వచ్చి బారులు తీరాయి. తాయారు ఒక్కో డ్రైవరునూ ముందు తాళం తీయించి, అడ్డు పెట్టించి, ఆ తరవాతే మూత విప్పనిస్తోంది. సూరిబాబు ఆమె పక్కనే ఉండి, తొందరపడేవాళ్లను బుజ్జగిస్తున్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ, ఒక ఆడమనిషి గేటు దగ్గర నుంచి అడిగి తెలుసుకుంటూ వచ్చింది. ముతక నేతచీర, ఎండకు వాడిన మొహం. పేరు వెంకటనర్సమ్మ అని, కాళ్లకూరు పక్క నుంచి వచ్చానని చెప్పింది. భర్త డ్రైవరట.

"మొన్న ఎండాకాలం దాళ్వా కోతల్లో మా ఆయన బల్ల కింద దూరబోతే పెట్టె కూసిందంటండి. ఇసుక్కుంటా ఇవతలకొచ్చాడంట. రావడం, బల్ల పడిపోవడం ఒక్కసారే." ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "నాకిద్దరు పిల్లలండి. ఆ పెట్టెలో ఉన్నది మీ చెయ్యేనంట గదండీ. ఒక్కసారి చూసి పోదారని వచ్చాను."

తాయారు ఏదో చెప్పేలోపే ఆమె తాయారు కుడిచేతిని రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకుంది. తలెత్తకుండా అలాగే ఉండిపోయింది. తాయారు కిందకు చూసింది. తన చేతి వెనకభాగం మీద తడి మెరుస్తోంది. ఆ కన్నీటి వేడి ఆమెకు తెలియలేదు.

తాయారు వంగి, ఎడమచేతిని ఆమె ముందుకు చాపింది.

"ఇదిగో నర్సమ్మా, ఈ చెయ్యి కూడా పట్టుకో. దీనికి తెలుస్తుంది."